ఓడ వెనక్కి తిరిగిన రోజు

స్తంభం మీది మైకు చెప్పింది:
కెరటాలు ఎత్తుగా ఉన్నాయి, ఓడ రేవు పట్టలేకపోయింది,
వచ్చిన దారినే టోక్యో వెళ్ళిపోతోంది.
అప్పటికే నేను
నూట ఇరవై సుషీ ముద్దలు కట్టేశాను.

గోడ చివరికి వెళ్ళి చూస్తే కనిపించింది,
తెల్లగా, చిన్నగా,
బేరం కుదరక వెళ్ళిపోయే మనిషి వీపులా.

మా హచిజో దీవి సుషీలో పచ్చ వసాబి ఉండదు.
దొరకని రోజుల్లో ఏ ముత్తవ్వో
ఆవపిండి తడిపి చేప కింద పెట్టి చూసింది.
ముక్కుకెక్కింది.
అంతే, లేనిదాని పీట మీద ఉన్నది కూర్చుంది,
మళ్ళీ లేవలేదు.
చేపను సోయాలో నానేస్తాను, బెల్లం రంగు తేలేదాకా.
అన్నంలో తీపి కాస్త ఎక్కువ.
పడవ మీద పాడవకూడదని, అంటారు పెద్దలు.
సముద్రానికి ఎదురుగా కూర్చుని తినేవాడికి
నోట్లో ఏదో ఒకటి తియ్యగా ఉండాలని, అంటాను నేను.

నా కొట్టు పక్కనే కిసాబురో.
కుసాయ కాలుస్తాడు.
ఆ వాసన గురించి చెప్పాలంటే
మర్యాద కాసేపు పక్కన పెట్టాలి.

వాళ్ళ ఊట తొట్టి వయసు అతనికే తెలీదు.
ఉప్పంతా పన్ను కింద ఓడలెక్కిపోయే కాలంలో
పారబోయడానికి చేతులు రాక
అవే ఉప్పునీళ్ళలో చేపల్ని మళ్ళీ మళ్ళీ ముంచారట.
నీళ్ళు చిక్కబడ్డాయి, గోధుమరంగుకి తిరిగాయి,
చివరికి బతకడం మొదలుపెట్టాయి.
పొద్దున్నే మూత తీసి "లేచావా" అంటాడు దాన్ని.
నా చెవులతో విన్నాను.
పెళ్ళాన్ని ఎప్పుడైనా అలా పలకరించాడో లేదో.

గాలి అటునుంచి తిరిగిందంటే
నా బేరాలన్నీ ముక్కులు మూసుకుని పరుగు.
పద్నాలుగేళ్ళుగా మా మధ్య మాటల్లేవు.
వెదురు తడక ఒకటి కట్టించాను.
వాసనకి తడక ఒక లెక్కా?

ఇవాళ రేవంతా ఖాళీ.
అద్దె సైకిళ్ళు వరసగా నిలబడి తడుస్తున్నాయి.
బస్సు నడిపే నొబుయే, ఎక్కేవాళ్ళు లేని బస్సులో
ఇంజను ఆపేసి మేజోడు అల్లుకుంటోంది.

బుట్ట నిండా అషితాబ.
రేపటి ఆకు అని దాని పేరుకి అర్థం,
ఇవాళ కోస్తే రేపటికల్లా మళ్ళీ చిగురిస్తుందని.
కాడల్లోంచి పసుపు పాలు కారి నా గోళ్ళు పచ్చబడ్డాయి.
రేపటి సంగతి సరే,
ఇవాళ కోసిన వీటినేం చెయ్యను?
పిండిలో ముంచి నూనెలో వేశాను, ఎవరికో తెలియకుండానే.
వాన చప్పుడేదో నూనె చప్పుడేదో.

తడక పక్కనుంచి ఒక చెయ్యి.
కాగితంలో కాల్చిన ఎగిరే చేప, రెక్క అంచు మాడి.
మాట లేదు.
నేనూ ఏమీ అనకుండా ఒక పళ్ళెం అటు తోశాను,
ఆరు ముద్దలు, నాలుగు ఆకులు.

ఎవరికీ చెప్పకండి, నాకు కుసాయ ఇష్టం.
నేనూ ఈ దీవిలో పుట్టినదాన్నే,
పాలపళ్ళతో చీల్చుకు తిన్నదాన్నే.
గాలి అటునుంచి వీచినప్పుడల్లా
పద్నాలుగేళ్ళు నాకు నోరూరింది.
దాన్నే కోపం అనుకున్నాను.

చాలాసేపటికి తడక అవతల గొంతు సవరించుకున్నాడు.
"తీపి ఎక్కువ."
అదీ మొదటి మాట!
"నీది ఉప్పెక్కువ" అన్నాను, ఎముక చప్పరిస్తూ.
నొబుయే మేజోడు పక్కన పడేసి వచ్చింది.
తాళ్ళు పట్టే కుర్రాళ్ళు వచ్చారు,
పని లేని రోజుకి ఆకలెక్కువ.
సాయంత్రానికి ముద్దలు తొమ్మిది మిగిలాయి.
డబ్బులెవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు,
రాత్రి లెక్క రాసేటప్పుడు మాత్రం కొంచెం బాధపడ్డాను.

మైకు మళ్ళీ అంది: రేపటి ఓడ కూడా
సముద్రం ఒప్పుకుంటేనే.

మూడుసార్లు సబ్బుతో కడిగినా చేతి వాసన పోలేదు.
దీపం ఆర్పేసి,
ఆ చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని పడుకున్నాను.